సంక్రాంతికి ఫ్లాట్ గుమ్మం, బాల్కనీ అలంకరణ: ప్లాస్టిక్ లేకుండా మూడు రోజులు నిలిచేదెలా?

గడప_304:

మూడో అంతస్తులో ఫ్లాట్. గుమ్మం చట్రంతో కలిపి 42 అంగుళాల వెడల్పు. ముందు టైల్స్ వేసిన నాలుగడుగుల నడవా, అది అందరూ నడిచే దారే. బాల్కనీ పడమటి వైపు, మధ్యాహ్నం ఎండ నేరుగా కొడుతుంది, పావురాల బెడద సరేసరి. భోగి ముందు రోజు సాయంత్రం కట్టినవి కనుమ దాటేదాకా ఉండాలి. బజారులో దొరికే ప్లాస్టిక్ తోరణాలు, థర్మాకోల్ బొమ్మలు వద్దనుకుంటున్నాం. మామిడాకులు, బంతిపూలు, వరి కంకులు, ఇంట్లో ఉన్న పాత చీరలు, అట్టపెట్టెలు, వీటితోనే అయ్యేలా చెప్పండి.

మూడు చోట్ల దెబ్బతింటోంది. మామిడాకులు మర్నాటికే ముడుచుకుపోతున్నాయి. బంతిపూల దండ లోపలివైపు నల్లబడి వాసనేస్తోంది. టైల్స్ మీద ముగ్గు గాలికీ చెప్పులకీ గంటలో చెరిగిపోతోంది. ఇవి కాక చిన్న బొమ్మల కొలువు పెట్టాలని ఉంది, మెట్లు కొనకుండా.

ఈనెపుల్ల:

మర్నాటికే ముడుచుకుంటున్నాయంటే లేతాకులు కోస్తున్నారన్నమాట. రాగిరంగు చిగుళ్లూ లేతాకుపచ్చ ఆకులూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ పైపొర పల్చన, పడమటెండకి పూటలో వాలిపోతాయి. ముదురాకుపచ్చగా, తోలులా బిరుసుగా ఉన్నవి ఏరుకోండి. అవీ నాలుగో రోజుకి ఎండుతాయి, కానీ వేలాడే తీరు మారదు. పచ్చగా ఉన్నప్పుడు ఎలా ఉందని కాదు, ఎండాక ఎలా ఉంటుందని చూసి ఆకు కోయాలి.

విడి ఆకులు కాకుండా రెమ్మలు కోసి బకెట్ నీళ్లలో నిలబెట్టండి. కట్టే గంట ముందు ఆకులు తుంచి, దుమ్ము కడిగి, పొడిగుడ్డతో తుడవండి. తడిగా ప్లాస్టిక్ కవర్లో కుక్కితే రాత్రికి రాత్రే నల్లమచ్చలు పడతాయి. ముందుగా కోయక తప్పదంటే తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి నీడన పెట్టండి.

లెక్క ఇదీ. ఆకు సుమారు రెండంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి 42 అంగుళాలకి 21 ఆకులు, చిరిగేవి పోను 25 కోసుకోండి. పురికొస అయిదడుగులు, అటూ ఇటూ ముడులకి తలో 9 అంగుళాలు మిగులుతుంది. నైలాన్ తాడు వద్దు. నున్నగా ఉండి ఆకులన్నీ జారి మధ్యలో పోగవుతాయి. పురికొస గరుకే ఇక్కడ పనికొచ్చేది.

తొడిమ వైపు అంగుళం మేర ఆకుని వెనక్కి మడిచి, మడతలో పురికొస ఉంచి, రెండు పొరలకీ కలిపి ఒకటిన్నర అంగుళాల చీపురుపుల్ల గుచ్చాలి. కొబ్బరి ఈనెల చీపురు మేలు. పుల్ల ఎండుదైతే పది నిమిషాలు నానబెట్టండి, లేకపోతే మధ్యకి విరుగుతుంది. గుచ్చేది ఆకు నడిమి ఈనెకి అడ్డంగా: ఒక పక్కన దిగి, ఈనె వెనకనుంచి వెళ్లి, రెండో పక్కన పైకి రావాలి. ఈనెకి ఒక పక్కనే గుచ్చితే గాలికి ఆడినప్పుడల్లా సన్న ఈనెల వెంబడి చీలి ఆకు ఊడుతుంది. స్టాప్లర్‌తో కొట్టేవాళ్లూ ఉన్నారు, పని తొందరగా అవుతుంది. ఆకు ఎండి కుంచించుకున్నాక పిన్ను వదులై గడప దగ్గర రాలుతుంది. చంటిపిల్లలు పాకే ఇంట్లో ఆ పని చెయ్యకండి.

బంతిపూల సంగతి. మార్కెట్లో పూలమీద నీళ్లు చల్లి ఉంచుతారు. ఆ తడితోనే బిగించి గుచ్చితే మధ్యలో గాలి ఆడదు, వేడెక్కి కుళ్లు మొదలవుతుంది. మీకొస్తున్న వాసన అదే. తేగానే పాత పేపర్ల మీద ఒక్క వరసలో పరిచి ఫ్యాను కింద గంటసేపు ఉంచండి. గుచ్చేటప్పుడు సూది పువ్వు మధ్యనుంచి దిగి కిందున్న ఆకుపచ్చ తొడిమ గుండా రావాలి. రేకుల్లోంచే పక్కకి తీస్తే రెండో రోజుకి పువ్వు విచ్చిపోతుంది. మాదిరి సైజు పూలు బిగించి గుచ్చితే అడుగుకి 18 నుంచి 20 పడతాయి. మూడు నాలుగు రోజులు ఉండాలంటే బిగించకండి: అడుగుకి 10 పూలు, రెండేసి పూల మధ్య అంగుళం పొడవున్న పాత కాటన్ చీర పీలిక ముడి. పూల ఖర్చు సగం, కుళ్లు దాదాపు ఉండదు. ఆకుపచ్చ పీలిక అయితే దూరానికి ఆకులా కనబడుతుంది కూడా.

పడమటి బాల్కనీకి బంతి కట్టడం దండగ. అక్కడ ఎండాక అందంగా ఉండేదే కావాలి, అంటే వరి కంకులు. ఆ పని తెలిసినవాళ్లు చెబుతారు.

కోతల_కాలం:

వరి కుచ్చు గురించి చెబుతాను. ముందు కంకులు దొరికే మార్గం. ఇప్పుడు చాలా చోట్ల వరికోత మిషనే. అది కోసి, అక్కడికక్కడే నూర్చి, గడ్డిని వెనక వదిలేస్తుంది. కాబట్టి కంకితో ఉన్న కాడ మీ చేతికి రాదు. ఊళ్లో ఎవరైనా ఉంటే మిషను దిగే ముందే గట్టు వార వరసలో కొడవలితో నాలుగు గుప్పిళ్లు కోసిపెట్టమనండి. ఖరీఫ్ వరి చాలా చోట్ల నవంబరు, డిసెంబరుల్లోనే కోతకొస్తుంది, పండగ వారం అడిగితే చేలో ఏమీ ఉండదు. గింజ గట్టిపడి, కాడలో ఇంకా కాస్త పచ్చదనం ఉన్నప్పుడు కోసినవే మంచివి. పూర్తిగా పండి ఎండినవి ముట్టుకుంటే రాలతాయి.

కంకి కింద పది అంగుళాల కాడ ఉంచి, చుట్టూ ఉన్న ఆకుతొడుగు ఒలిచేయండి. రెండు మూడు రోజులు ఎండబెట్టాలి, గోరు నొక్కితే గింజ మీద గాటు పడకూడదు. పచ్చిగా ఉన్నప్పుడే కట్టేస్తే ముడి దగ్గర బూజు పడుతుంది.

అసలు కుచ్చు జడలా అల్లుతారు. మూడు పాయలు, పాయకి మూడు కంకులు. ఒక్కో మెలికకీ పక్కనుంచి రెండు కొత్త కంకులు చేరుస్తూ, కాడలు జడలోకీ గింజలు బయటికీ ఉండేలా పోవాలి. అడుగున్నర జడ అయ్యాక చుట్టలా తిప్పి దబ్బనంతో కుడతారు. మొదటిసారి చేసేవాళ్లకి నేనది చెప్పను, చేతిలో వంద గింజలు రాలాక విసుగు పుడుతుంది.

తేలిక దారి: ఎంబ్రాయిడరీకి వాడే 6 అంగుళాల చెక్క ఫ్రేము, విరిగినదైనా సరే, లేదా వెదురు బద్ద వంచి కట్టిన వలయం. దానికి పాత చీర పీలిక చుట్టండి, కాడలు జారకుండా. కట్టడానికి ముందు కాడలు మాత్రమే అరగంట నీళ్లలో ముంచి, తడిగుడ్డలో పది నిమిషాలు చుట్టి ఉంచాలి. పొడికాడ వంచగానే పెళుక్కున విరుగుతుంది. గింజలకి తడి తగలనివ్వకండి. అయిదేసి కంకులు ఒక కట్ట. కాడల్ని వలయం మీదుగా తిప్పి వెనక్కి మడిచి నూలుదారంతో మూడు చుట్లు బిగించండి. చుట్టూ 16 కట్టలు, అలా మూడు వరసలు, మొత్తం 240 కంకులు. మొదటి వరస కంకులు పొడవుగా కిందికి దిగాలి, రెండోది రెండంగుళాలు పైకి, మూడోది ఇంకో రెండు పైకి. తలకిందులుగా మొదలెడితే లోపలి ముడులన్నీ కనబడతాయి. వలయానికి మూడు చోట్ల పురికొస కట్టి ఒక్క ముడికి తెచ్చి వేలాడదీయండి. కాడ ఆరాక కుంచించుకుని ముడులు వదులవుతాయి, మర్నాడు ఇంకోసారి దారం బిగించడం మర్చిపోవద్దు.

పావురాలు. అవి వాలడానికి నిలకడైన చోటు కావాలి, కంకిని పట్టుకు వేలాడడం వాటికి చేతకాదు. పిచ్చుకకి అది చేతవును. అందుకని కుచ్చుని గ్రిల్లుకీ గోడకీ కనీసం అడుగున్నర ఎడంగా, రెండడుగుల సన్నతాడుకి స్వేచ్ఛగా ఊగేలా కట్టండి. గ్రిల్లుకి ఆనించి కట్టారో, పావురం గ్రిల్లు మీద కూర్చుని తీరిగ్గా తింటుంది, ఎలకలకీ దారి దొరుకుతుంది. కింద ఊక రాలుతుంది కాబట్టి పాత పళ్లెం పెట్టుకోండి.

బంగారు రంగు స్ప్రే కొట్టిన కుచ్చులు అమ్ముతున్నారు. పిట్టలు తినేచోట అవి కట్టకండి. మెరుపు కావాలంటే పాత చీర జరీ అంచు ముడి దగ్గర చుట్టుకోండి, చాలు.

గడప_304:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అడుగున్నర ఎడం అన్నది ఎక్కడా వినలేదు, గ్రిల్లుకే కట్టేవాళ్లం. ముగ్గు, కొలువు మిగిలాయి. నడవాలో ఎర్రమట్టి పూసే వీల్లేదు, అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు.

చుక్కల_లెక్క:

నడవాలో వద్దు, పలక మీద వేయండి. ఎత్తి పెట్టుకునే ముగ్గన్నమాట. రెండడుగుల చదరం పాత ప్లైవుడ్ ముక్క గానీ, గీతలు పోయిన క్యారమ్ బోర్డు వెనకవైపు గానీ. నున్నటి పాలిష్ ఉంటే గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే మట్టి పెచ్చులుగా లేస్తుంది.

ఎర్రమట్టి పల్చటి గుడ్డలో జల్లించి రెండు గ్లాసులు తీసుకోండి. గంజి ఒక గ్లాసు, నీళ్లు సరిపడా, దోసెల పిండి జారుడుకి కలపండి. గంజి లేకుండా వట్టి నీళ్లతో పూస్తే ఆరాక చెయ్యి పెడితే ఊడొస్తుంది. గంజి మరీ ఎక్కువైతే బీటలు. గుడ్డతో పల్చగా ఒక పూత, పూర్తిగా ఆరాక అడ్డంగా రెండో పూత. ప్లైవుడ్ లేక అట్ట వాడితే వెనకవైపు కూడా గంజి పూయాలి. ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు ఆ వైపు లాగి అట్ట అప్పడంలా వంగుతుంది.

ముగ్గు పొడితో కాదు, తడిపిండితో వేయండి. గ్లాసు బియ్యం మూడు గంటలు నానబెట్టి, ముప్పావు గ్లాసు నీళ్లతో మెత్తగా రుబ్బండి. కొన్న పొడిపిండి కలిపితే రవరవగా ఉండి గీత తెగుతుంది. చిన్న నూలుగుడ్డ పిండిలో ముంచి అరచేతిలో పట్టుకుని నొక్కుతుంటే ఉంగరపు వేలి కొస నుంచి గీత దిగుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పొకటుంది: తడిగా ఉండగా గీత కనీకనపడకుండా ఉంటుంది, సరిగా పడలేదని దాని మీదే మళ్లీ గీస్తారు. పది పదిహేను నిమిషాల్లో ఆరి తెల్లగా తేలుతుంది, అప్పుడు చూస్తే గీత మూడింతలు లావు. ఒక్కసారే గీసి ఆగండి.

రెండడుగుల పలకకి 7 చుక్కలు, 4 వరకు, మధ్య చుక్క. చుక్కకీ చుక్కకీ రెండున్నర అంగుళాలు పెడితే 15 అంగుళాలు వస్తుంది, చుట్టూ గొలుసు అంచుకి చోటుంటుంది. మొత్తం 37 చుక్కలు. 15 చుక్కల ముగ్గు ఈ పలకలో ఇరికించాలని చూడకండి, తడిపిండి గీత లావుకి మెలికలన్నీ కలిసిపోతాయి. కనుమ నాటి రథం ముగ్గుకి పాత ముగ్గు తడిగుడ్డతో తుడిచి, మట్టి ఇంకో పూత పూస్తే సరి.

రంగులకి పసుపు ఉండనే ఉంది. ఎరుపుకి ఇటుక పొడి, నలుపుకి బొగ్గు పొడి, ఆకుపచ్చకి నీడన ఎండిన మునగాకు పొడి. మునగాకు ఎండలో పెడితే గడ్డి రంగుకి తిరుగుతుంది. పసుపులో చిటికెడు సున్నం కలిపితే మంచి ఎరుపు వస్తుంది.

కుంకుమభరిణె:

చుక్కల_లెక్క గారు చెప్పినవన్నీ బాగున్నాయి, ఆ చివరి మాట తప్ప. పసుపు, సున్నం ఎరుపు మొదటి పూటకే. పారాణి రంగు అదే కదా: పసుపులోని కుర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. గాలి తగిలేకొద్దీ సున్నం సుద్దగా మారి క్షారగుణం పోతుంది, ఎండకి పసుపూ వెలుస్తుంది, మూడో రోజుకి మురికి గోధుమరంగు మిగులుతుంది. మూడు రోజుల ముగ్గుకి ఇటుక పొడే నమ్మకం. ఇంకో సంగతి, కొన్న ముగ్గుపిండిలో సున్నం కలిసి ఉంటే పసుపు కలపగానే, తడి తగిలితే మరీను, నారింజ రంగుకి తిరుగుతుంది. ముందే చెంచాడు కలిపి నీటి చుక్క వేసి చూసుకోండి.

తెల్ల మార్బుల్ మీద పసుపు, కుంకుమ నేరుగా వేయకండి, మచ్చ దిగిపోతుంది. రంగులద్దిన కల్లుప్పు ముగ్గులు ఈమధ్య చూస్తున్నాం. కోస్తాలో మంచుకి తెల్లారేసరికి చెమ్మగిల్లి కరుగుతాయి. ఊడ్చి కుండీల్లో పోశారంటే మొక్క చస్తుంది.

చుక్కల_లెక్క:

ఒప్పుకున్నాను. సున్నం ఎరుపు గడప మీద బొట్లకి వాడుకోండి, పొద్దున్నే మళ్లీ పెట్టుకునేవే కాబట్టి.

మెట్లపెట్టె:

కొలువు మెట్లకి 12 పెట్టెలు చాలు. పొడవు 12, లోతు 10, ఎత్తు 8 అంగుళాలు, కాస్త అటూ ఇటూ అయినా అన్నీ ఒకే కొలతవి కావాలి. అట్ట అంచు చూడండి: ఒక్క అలల వరస ఉంటే మూడు పొరలది, రెండు వరసలుంటే అయిదు పొరలది. బొమ్మలు మట్టివైతే అయిదు పొరలదే.

బరువు మోసేది అలలు నిలువుగా ఉన్న గోడలే. పెట్టెని పక్కకి పడుకోబెట్టి వాడితే రెండు గోడల అలలు అడ్డంగా తిరిగి, సాయంత్రానికి బొమ్మ ఒరుగుతుంది. అట్ట మెట్లు కుంగాయనేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. కాబట్టి మూత పైకే ఉండాలి. లోపల పాత దినపత్రికలు పడుకోబెట్టి అంచుదాకా నింపి, మూత గోధుమరంగు కాగితం టేపుతో మూయండి.

గోడవైపు 16 అంగుళాల ఎత్తు ట్రంకుపెట్టె గానీ ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టిన సూట్‌కేసులు గానీ ఉంచి, వాటిపైన 3 పెట్టెలు. దాని ముందు రెండేసి దొంతరగా 6. అన్నిటికీ ముందు 3. మూడడుగుల వెడల్పులో 8, 16, 24 అంగుళాల ఎత్తున మూడు మెట్లు వస్తాయి. మెట్లు బేసిసంఖ్యలో ఉండాలన్న నియమమూ కుదిరింది. ఒక్కో మెట్టు పైన, విప్పిన అట్ట రెండు ముక్కలు, ఒకదాని అలలకి ఒకటి అడ్డంగా పరిచి అంటించండి. అప్పుడు పెట్టెల మధ్య సందుల్లో బొమ్మ కాలు దిగదు.

పైన పాత తెల్ల పంచె పరిచి, అంచులున్న చీర మీదుగా జారవిడవండి. పట్టుచీర జారుతుంది, కాటన్ నిలబడుతుంది. మెట్టు మూలల్లో గుడ్డని పిన్నీసుతో అట్టకి కాక కింది పంచెకి గుచ్చండి, ఒకటి లాగితే మెట్టంతా కదలకుండా. దీపం మాత్రం మెట్ల మీద ఎక్కడా పెట్టకూడదు. కాగితం, అట్ట, గుడ్డ ఒకేచోట ఉన్నాయి. నేలమీద, మెట్లకి రెండడుగులు ముందు, ఇత్తడి పళ్లెంలో పెట్టండి, చీర కుచ్చెళ్లు అటువైపు రాకుండా.

డాలస్_చలి:

బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. అమెరికాకి మామిడాకులు, వరి కంకులు సామానులో పెట్టుకు రాకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. టెక్సస్ వైపు వీధుల్లో కనబడే మాగ్నోలియా చలికాలంలోనూ ఆకు రాల్చదు. ఆకు ముదురాకుపచ్చ, వెనక గోధుమరంగు, మామిడాకంత పొడవు. మామిడాకు కంటే మందం కాబట్టి మడిచేచోట వెనక ఈనెని కాస్త చెక్కాలి, లేకపోతే మడత చిట్లుతుంది. వరికి బదులు చేతిపనుల దుకాణాల్లో ఎండు గోధుమ కంకులు దొరుకుతాయి. కాడ నానబెట్టే పద్ధతి అదే, గోధుమకి ఇంకో అరగంట ఎక్కువ.

గడప_304:

చివరగా గొబ్బెమ్మలు. పేడ గోశాల నుంచి తెస్తే పల్చగా ఉంటోంది, టైల్ మీద నిలబడట్లేదు. పైగా గుమ్మడిపువ్వు మధ్యాహ్నానికి వాలిపోతోంది.

కోతల_కాలం:

పల్చగా ఉంటే కిలో పేడకి రెండు గుప్పిళ్ల వరి ఊక గానీ తౌడు గానీ కలిపి, అరగంట వదిలేయండి, నీరు పీల్చుకుంటుంది. పేపరు మీద పరిచి గాలికి ఆరనిచ్చినా సరే. ముద్ద చేసి వదిలితే చదును కాకూడదు, అదే గుర్తు. నేరుగా టైల్ మీద కాక అరటాకు ముక్కో ఆముదపాకో వేసి దానిమీద పెట్టండి, టైల్ సందుల్లో మరక దిగదు. చుక్కల_లెక్క గారి పలక మీద ముగ్గు ఆరాక ఆకుతో సహా పెట్టుకోవచ్చు.

గుమ్మడిపువ్వు తెల్లారగట్ల విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకునేదే, దాన్నేమీ చెయ్యలేం. పొద్దున పూజ వేళకి గుమ్మడిపువ్వు గుచ్చి, అది వాలాక అదే కన్నంలో బంతో చేమంతో పెట్టండి. తొడిమ లేని పువ్వుకి రెండంగుళాల చీపురుపుల్ల కాడగా గుచ్చుకోవాలి. పువ్వుని వేలితో పేడలోకి నొక్కితే గొబ్బెమ్మ నెత్తి చీలుతుంది.

పండగయ్యాక పూలు తీసేసి, గొబ్బెమ్మల్ని అరచేత్తో అరంగుళం మందాన పిడకలుగా తట్టి బాల్కనీ ఎండలో ఆరబెట్టండి. మందంగా తడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పురుగు పడుతుంది. రెండు రోజులకోసారి తిరగేస్తూ పది రోజులు. మీది పడమటి బాల్కనీ కాబట్టి ఈ ఒక్క పనికీ ఆ ఎండ కలిసొస్తుంది, రథసప్తమి నాటి పరమాన్నానికి పిడకలు సిద్ధం. చిక్కుడుకాయల రథానికి చీపురుపుల్లలు కూడా కొన్ని అట్టేపెట్టుకోండి.